నల్లకోటువాడు ఏమన్నాడు

ఆ పొద్దున ఆకాశం పాలక్యాను కడిగిన నీళ్ళ రంగులో ఉంది. మంచు రాల్చేదీ లేదు, తెరిపిచ్చేదీ లేదు.

పాల ట్యాంకరు నడిపే హిరోనిమ్ పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. మధ్యాహ్నం మళ్ళీ గీసుకున్నాడు. ఆ సాయంత్రం ఫైర్‌స్టేషన్ హాల్లో వీడియో సినిమా. అది చూశాకే అతని పెళ్ళిమాటకి జవాబు చెప్తానంది అపొలోనియా.

అపొలోనియా పాలకేంద్రంలో పాలు కొలుస్తుంది. మొగుడు పోయాడు. బతికున్నన్నాళ్ళూ ఆమెని గేటు దాటనివ్వలేదు. ఆమె బీరువా తాళం కూడా తన జేబులోనే వేసుకు తిరిగేవాడు. "పెళ్ళామంటే ఎంత ప్రేమో!" అనేది ఊరు.

క్యాసెట్టు హిరోనిమే సంపాదించాడు, సరిహద్దు దాటి వచ్చిన లారీ డ్రైవర్ దగ్గర. అట్ట మీద వెన్నెల. నల్లకోటు మనిషి ఒక పిల్లని చేతుల మీద మోసుకెళ్తున్నాడు. ప్రేమకథే అనుకున్నాడు. భాష జర్మన్. దానికేం, మైకు పట్టుకుని ఎప్పటికప్పుడు పోలిష్‌లో చెప్తానన్నాడు. తూర్పు జిల్లాల నుంచి ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన కొత్తలో, జర్మనీలో లైప్జిగ్ ఇటుకబట్టీలో పనిచేశానని, జర్మన్ తనకి మంచినీళ్ళ ప్రాయమని అందరికీ చెప్పుకున్నాడు. నిజానికి అతనికి వచ్చిన మాటలు మూడు. రొట్టె, ఆపు, చాలు.

హాలు నిండిపోయింది. తలుపు దగ్గర కుర్చీలో మిలీషియా పోలీసు సార్జెంటు కూర్చున్నాడు. విదేశీ సినిమా అంటే ఆయన ఉండాల్సిందే.

సినిమా మొదలైన కాసేపటికే ఇది ప్రేమకథ కాదని హిరోనిమ్‌కి తెలిసిపోయింది. నల్లకోటువాడు పిల్లని గదిలో పెట్టి కిటికీలకి మేకులు కొడుతున్నాడు. పిల్ల గొంతు చించుకుంటోంది.

మూడో వరసలోంచి అపొలోనియా చూస్తోంది. తెర వైపు కాదు, అతని వైపు.

"చల్లగాలి కొడుతోంది, నీకు జలుబు చేస్తుంది... అంటున్నాడు," అన్నాడు మైకులో.

ముందు వరసలో ఊలు అల్లుకుంటున్న ఒటిలియా మామ్మ తలెత్తింది. "మరి ఆ పిల్ల ఏమంటోందయ్యా?"

"సంతోషం పట్టలేకపోతోంది మామ్మా."

"అదీ అదృష్టమంటే. మా ఆయన ఏనాడన్నా కిటికీ వేసిన పాపాన పోయాడా!"

నల్లకోటువాడు పిల్ల బూట్లు పొయ్యిలో పడేశాడు.

"అరిగిపోయాయి. రేపు సంతలో కొత్తవి కొందాం, అంటున్నాడు."

సీసా తీసి ఆమె నోట్లో చుక్కలు పోశాడు.

"దగ్గుమందు."

వెనక ఆడవాళ్ళు కొంగుల్లాంటి పెద్ద రుమాళ్ళు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారు కాబోలు, కథ పండింది అనుకున్నాడు హిరోనిమ్. కాస్త ధైర్యం వచ్చింది. పిల్ల గుక్కతిప్పుకోకుండా ఏదో చెప్తే, "కాలు నొప్పంటోంది," అన్నాడు.

"ఇదిగో," అన్నాడు సార్జెంటు, "ఆ పిల్ల అంతసేపు వాగితే నువ్వు ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నావేం?"

"జర్మన్ అంతే సార్జెంటు గారూ. పొట్టు ఎక్కువ, గింజ తక్కువ."

హాలంతా ఒక్కసారిగా దగ్గింది.

తెర మీద పిల్ల ఇందాకటి మాటే మళ్ళీ అంది.

"బాబూ, ఇప్పుడేమంది?" అంది ఒటిలియా మామ్మ.

"సూప్ బాగుందంది."

"ఇందాక అదే మాటకి కాలు నొప్పన్నావే?"

"కాలు నొప్పే. అయినా సూప్ బాగుంది."

"దొడ్డ మనసు," అంది మామ్మ, మళ్ళీ అల్లికలో పడి.

ఇంతలో చుక్కలు పనిచేశాయి. పిల్ల కళ్ళు గాజుగోళీలయ్యాయి. వాడు వేలెత్తితే లేస్తోంది. దించితే కూర్చుంటోంది. చెంచా చూపిస్తే నోరు తెరుస్తోంది. వాడు ఆమె జుట్టు నిమురుతూ, ఎంతో మెత్తగా ఏదో చెప్తున్నాడు.

హిరోనిమ్ మైకుని నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. మైకు గురగురమంది. ఇంక దగ్గుమందని అనలేకపోయాడు. వాడి నోట్లో ఏ మాట పెట్టాలో తోచలేదు. చివరికి చిన్నగా అన్నాడు:

"తలుపు తీసే ఉంది. వెళ్ళాలనుంటే వెళ్ళు. ఉండాలనుంటే ఉండు. ఎందుకని నేనడగను... అంటున్నాడు."

మామ్మ చేతిలో అల్లిక ఆగిపోయింది. ఎవరూ దగ్గలేదు. అపొలోనియా తల దించుకుంది.

ఆ తర్వాత అతను ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

సినిమా అయ్యాక పక్కగదిలో బల్లలు వేశారు. బంగాళాదుంప ఉండలు, మాంసం పులుసు, ఎర్ర క్యాబేజీ. సార్జెంటు బల్ల మొదట్లో కూర్చున్నాడు. హిరోనిమ్‌కి అపొలోనియా పక్కన చోటిచ్చారు. ఉండని కంచంలో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. ఆమె సరేనంటే మోసం చేసి గెలిచినట్టు. కాదంటే బతుకే వృథా.

"సినిమా అయిపోయింది అపొలోనియా గారూ," అన్నాడు.

"అయింది. ఆ నల్లకోటువాడి మాటలు నాకు నచ్చలేదు."

అతని మొహం పాలిపోయింది.

"నువ్వు చెప్పినవి నచ్చాయి. ఆదివారం చర్చిలో ఫాదర్‌తో మాట్లాడదాం."

"అదేంటి... రెండూ ఒకటే కదండీ?"

"తిను. చల్లారిపోతోంది."

హిరోనిమ్ బల్ల చుట్టూ చూశాడు. సార్జెంటు ఇంకో రెండు ఉండలు వడ్డించుకున్నాడు. మిగతావాళ్ళు కంచాల్లోకి చూస్తూ, పెదాలు బిగబట్టి, ఒక్క మాటైనా లేకుండా తింటున్నారు.

యుద్ధం ముగిసి పోలండ్ చేతికి వచ్చేదాకా ఇంట్లోనూ బళ్ళోనూ ఆ సినిమా భాషే మాట్లాడి, తర్వాత జరిమానాలకి జడిసి దాన్ని మింగేసుకున్న ఆ ఊళ్ళో, ఆ బల్ల చుట్టూ జర్మన్ రానివాళ్ళు ఇద్దరే: సార్జెంటూ, హిరోనిమూ.