పదో మనిషి

లాలాగూడ టీకా క్యాంపులో బెంచీల మీద మా ఇంటామె అనసూయమ్మతో కలిపి తొమ్మిదిమంది కూర్చున్నారు.

“పదిమందైతేనే సీసా తెరుస్తం. లేకుంటే మందు వేస్టయితది,” అంది నర్సమ్మ.

క్యాంపు ఈ రోజే ఆఖరు. కొత్త రకం కరోనాకు కొత్త బూస్టరు పడ్డాకే అనసూయమ్మకు కేన్సర్ మందు మొదలుపెడతామన్నాడు డాక్టరు.

గేటు దగ్గర నిలబడి ఒకాయన్ని అడిగాను.

“ఇంకా కరోనా ఏంది పెద్దాయనా! ఎన్నడో పాయె గదా,” అని నవ్వి వెళ్లిపోయాడు. ఇంకొకరిని అడగడానికి నాకు నోరు రాలేదు.

లోపలికొచ్చి, “పదో మనిషిని నేనున్నానమ్మా,” అన్నాను.

“మరి పొద్దటి సంది చెప్పవేంది తాతా!” అంటూ నర్సమ్మ సీసా తెరిచింది.

అనసూయమ్మకు వేశాక నన్ను పిలిచింది.

పోయిన వారం, అనసూయమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు, నేను మల్కాజ్‌గిరిలో ఇదే సూది వేయించుకున్నాను. ఎడమ చేయి ఇంకా నొస్తోంది.

కుడి చేయి చాపాను.