ఆ ఒక్క స్వరం

అక్కాచెల్లెళ్ళు చెరో కొస పట్టుకుని దుప్పటి మడతపెడుతుంటే, కంప్యూటర్ ముందున్న బావ కుర్చీ ఇటు తిప్పాడు.

"మరదలా, రేపు రికార్డింగుకి నువ్వు రానక్కర్లేదు. అక్క గొంతుతో కలిపి పాడే తోడు గొంతును మిషనే రాసేసింది. అక్క పాడే స్వరాలన్నీ ఎంచి ఒక్క నొక్కు నొక్కాను. స మీద గ, రి మీద మ, అలా ఒక్కోదాని నెత్తిన మూడో స్వరం వచ్చి కూర్చుంది. రెండు గొంతులూ అక్కే పాడేస్తుంది."

"పదేళ్ళుగా ఆ తోడు గొంతు నాదే కదా బావా!"

"మిషన్‌కి జలుబు కూడా చెయ్యదమ్మాయ్," అని నవ్వి, మిషన్ వాయించిన నమూనా పాట పెట్టాడు.

తోడు గొంతు గానుగెద్దులా మూడో స్వరం మీదే నడిచింది. చరణం చివర మాత్రం ఉన్నట్టుండి కిందికి జారింది.

చెల్లెలు ఉలిక్కిపడింది. పోయిన వారం అంట్లు తోముతుంటే తనకు తట్టిన జారుడు అది. అక్కకు తప్ప ఎవరికీ పాడి వినిపించలేదు.

"ఇక్కడ జారిందేం బావా? మిషన్ అన్నీ మూడో స్వరాలే వేస్తుందన్నావుగా?"

"ఆ ఒక్కటీ నేనే చేత్తో దించాను. ఈ నమూనా విన్నవాళ్ళంతా దాన్నే మెచ్చుకున్నారు."

"నీకెలా తట్టింది?"

బావ అక్క వైపు చూశాడు. అక్క తలెత్తకుండానే అంది:

"ఇంట్లో పాటేగా, ఎవరికి తడితేనేం? కొస సరిగ్గా పట్టుకో."

చెల్లెలికి నములుతున్న ముద్దలో పురుగు తగిలినట్టయింది. మిషన్ మీది కోపం ఎటుపోయిందో తెలియదు. అక్క చేతులు తాకిన ఆ గుడ్డను పట్టుకోవాలన్నా రోత పుట్టింది.

కొస వదిలేసింది. చెప్పులు వేసుకుని గడప దాటింది.