సవరమ్మ పెట్టిన బొటనవేలు

“ఇదేంటమ్మా?”

కమల టీచర్ తన ఫోన్ తీసి సవరమ్మ ముఖం ముందు పెట్టింది. ఎనిమిదో తరగతి గది నిండా తల్లిదండ్రులే. పిల్లలు గోడ వారగా నిలబడ్డారు. సవరమ్మ కూతురు దీవెన కూడా వాళ్లలోనే ఉంది.

“బొటనవేలండి,” అంది సవరమ్మ.

గదంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ముందు బెంచీలో ఉన్న పాల్ రాజు.

“అది నాకూ కనపడుతోంది. నేనేం చెప్పాను, నువ్వేం పెట్టావు? అందరూ వినండి.”

టీచర్ ఫోన్ నొక్కింది. ఆవిడ గొంతే ఖంగుమని పలికింది. ‘ఈరోజు ప్రార్థనలో దీవెన కళ్లు తిరిగి పడిపోయింది. ఇంట్లోవాళ్లు వెంటనే వచ్చి నన్ను కలవండి.’

“దీనికి జవాబు బొటనవేలు! బిడ్డ పడిపోయిందంటే భేష్ అంటావా?”

బడి తెరిచిన రోజే కమల టీచర్ తల్లిదండ్రులందరితో వాట్సాప్ గ్రూపు పెట్టింది. మధ్యాహ్నం ఏం వండారు, ఎవరికి జ్వరం వచ్చింది, రేపు సెలవా కాదా, అన్నీ అందులో చెబుతుంది. చదువు రానివాళ్లకూ తెలియాలని రాయకుండా మాటల్లోనే పంపుతుంది. మంచి మనిషే. కాకపోతే తను మంచి మనిషినన్న సంగతి ఆవిడకు కాస్త ఎక్కువ తెలుసు.

“వారం తిరక్కుండా మళ్లీ పడిపోయింది. మళ్లీ చెప్పాను. మళ్లీ బొటనవేలు! వేలిముద్రల రోజులు పోయాయనుకుంటే ఇదొకటి తయారైంది. రక్తపరీక్షకు తీసుకెళ్లాలంటే తల్లి పక్కనుండాలా వద్దా? నీకు మామిడితోటలో పని ముఖ్యమా, పిల్ల ముఖ్యమా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. సవరమ్మకు తల కొట్టేసినట్టయింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దీవెన గోడవైపు తిరిగి నిలబడటం ఆమెకు కనిపించింది. తోటలో ఎవరేమన్నా పడటం ఆమెకు అలవాటే. కన్నబిడ్డ ముందు పడటం ఇదే మొదలు. ఆ నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

“మాట్లాడవేం?”

“వస్తున్నానని పెట్టానండి.”

“ఏంటీ?”

“మా మేస్త్రి మార్టిన్ గారు సాయంత్రం ఫోన్లో చెప్తారండి, రేపు చాట్రాయి తోటలో కోత అని. వచ్చేవాళ్లం బొటనవేలు పెడతాం. పెట్టి వెళ్లకపోతే మళ్లీ పనికి పిలవరండి. మీరు రమ్మన్నారు కదా, వస్తున్నానని పెట్టాను.”

“మేమూ అంతేనండి మేడం గారూ,” అంది వెనక బెంచీలోంచి రమణమ్మ. “ఇవాళ మీటింగన్నారు. వేలు పెట్టాం, వచ్చాం.”

టీచర్ ఫోన్ వంక చూసుకుంది. మీటింగు కబురు కింద వరసగా బొటనవేళ్లు. పెట్టినవాళ్లంతా గదిలో ఉన్నారు. ఆవిడ చెవులు వేడెక్కాయి. కానీ ఇంతమంది ముందు ఒక కూలిమనిషి దగ్గర తగ్గడమా? రేపటినుంచి తన మాట ఎవరు వింటారు?

“సరే, వస్తున్నానని పెట్టావు. మరి రావాలి కదా? పెట్టి రాకపోతే మీ మేస్త్రే ఊరుకోడు. నేనెందుకు ఊరుకోవాలి?”

“వచ్చానండి.”

“ఎక్కడికి?”

“బడికేనండి. రెండుసార్లూ. మేస్త్రికి చెప్పి, తోటలోంచి అటునుంచటే వచ్చేశాను.”

“అబద్ధాలాడకు, పిల్లలున్నారిక్కడ! దీవెనా, మీ అమ్మ వచ్చిందా?”

దీవెన అందరి వైపూ చూసి, రాలేదన్నట్టు అడ్డంగా తలూపింది. పాపం, దానికి అమ్మ కోసమైనా అబద్ధమాడటం చేతకాదు.

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. “తల్లి అంటే ఇలాగే ఉండాలి,” అన్నాడు పాల్ రాజు వెటకారంగా. టీచర్ మొహం మళ్లీ వికసించింది.

“దానికి తెలీదండి,” అంది సవరమ్మ. “నేనే చెప్పలేదు. చెప్తే సిగ్గుపడుద్దని.”

“అమ్మ బడికొస్తే సిగ్గెందుకు?”

“ఊరికేనండి. అందరూ వెళ్లాక మీకొక్కరికే చెప్తాను లెండి.”

“నాకొక్కదానికే ఎందుకు? ఇక్కడే చెప్పు. నువ్వెంత చక్కగా వచ్చావో అందరూ వినాలి.”

సవరమ్మ కూతురి వంక చూసింది. ఆ పిల్ల రెండు చేతులూ కట్టుకుని, అమ్మ ఏదో ఒకటి చెప్పకపోతుందా అన్నట్టు ఎదురుచూస్తోంది. ఇక తప్పదనిపించింది. తప్పంతా తనదే అయినట్టు తలొంచుకుని చెప్పింది.

“పడిపోయిన బిడ్డని లేపి మంచినీళ్లు తాగించారంట కదండీ. మీ దగ్గరకి ఉత్తచేతులతో ఎలా రావాలని, రెండుసార్లూ నెత్తిన గంపలో నాలుగు రసాలు పెట్టుకొచ్చాను... మీరే వరండాలోంచి చెయ్యి విసిరి, ‘కాయలొద్దు, పో పో’ అన్నారండి.”