పన్నెండు పాటల హక్కు

బర్నబాస్ మూడోసారి వచ్చినప్పుడు సుశీల గేటు తియ్యలేదు.

"వాటా కోసమైతే వెళ్ళిపోండి," అంది లోపలినుంచే.

ఆమె భర్త ఎబినేజర్ పోయి నాలుగు నెలలయింది. రేపల్లె చుట్టుపక్కల చర్చిలన్నిటిలో పాడిన మనిషి. ముప్పయ్యేళ్ళ కిందట గుంటూరులో పన్నెండు పాటలు రికార్డు చేసి క్యాసెట్టుగా తెచ్చారు. ఇప్పుడు వాటిని ఎవరెవరో తమ చానెల్ పేరు తగిలించి ఇంటర్నెట్‌లో పెట్టుకుంటున్నారు. పాడినవాడి పేరు ఎక్కడా లేదు.

రికార్డింగులు రిజిస్టరు చేయిస్తే పాట మోగిన చోటల్లా ఆయన పేరుంటుందని, రాయల్టీ డబ్బు కూడా వస్తుందని తెనాలిలో ఇంటర్నెట్ సెంటరు నడిపే సుధీర్ చెప్పాడు.

సుశీలకు పేరు చాలు. దరఖాస్తు పెట్టమంది.

సంగతి పొక్కగానే తబలా వాయించానంటూ ఒకడు, కోరస్ పాడానంటూ ఒకామె వచ్చారు. ఇద్దరినీ గుమ్మంలోంచే సాగనంపింది. తర్వాత చెరుకుపల్లి నుంచి ఈ ముసలాయన. మొదటిసారి మాట సగంలో ఉండగానే తలుపు వేసింది. రెండోసారి ఇంట్లో ఉండీ లేనని చెప్పించింది.

"వాటా కాదమ్మా. ఆ రికార్డింగుల గురించే ఒక్కమాట..."

"ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ గడప తొక్కలేదు. పోయాక గుర్తొచ్చాయా పాటలు?"

బర్నబాస్ గేటు దగ్గరే నిలబడ్డాడు.

సుశీల తెల్లకాగితం మీద 'ఈ పాటల మీద నాకు ఏ హక్కూ లేదు' అని రాసి గేటు సందులోంచి అందించింది.

"సంతకం పెట్టండి. మళ్ళీ రాకండి."

ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇట్టా రాస్తే మీ పని జరగదమ్మా."

ఆ వాక్యం కొట్టేసి, కింద తనే రాశాడు: 'ఈ పన్నెండు పాటల మీద నాకున్న హక్కంతా ఎబినేజర్ గారి భార్య సుశీల గారికి ఇచ్చేస్తున్నాను.'

"ఉంటే కదా ఇవ్వడానికి," అంది సుశీల.

ఆయన సంతకం చేసి, తేదీ వేసి, పక్కింటి సామ్రాజ్యాన్ని పిలిచి సాక్షి సంతకం పెట్టించాడు. కాగితం పారెయ్యొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

పది రోజులకు, ఆదివారం ఆరాధనలో, చెరుకుపల్లి బర్నబాస్ గుండెపోటుతో పోయాడని చెప్పారు. అందరితో పాటు సుశీలా తల వంచింది. ఇక గేటు దగ్గరికి రాడు అనుకుంది.

ఆ వారమే సుధీర్ తెనాలి రమ్మన్నాడు. దరఖాస్తు తిప్పి పంపారట.

"పాడినవారిది కాదంట ఆంటీ హక్కు. డబ్బు పెట్టి రికార్డు చేయించినవారిదంట. నేనడిగితే స్టూడియోవాళ్ళు పాత రసీదు వెతికి పంపారు. డబ్బు కట్టింది బర్నబాస్ అని ఉంది. ఆయన రాసిస్తేనే మీ పేరున చేస్తారంట. మీకు తెలుసా ఆయన?"

 సుశీల ఫైలులోంచి ఆ కాగితం తీసి బల్లమీద పెట్టింది.

సుధీర్ చదివి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకేంటండి, ఈ పాటల సొంతదారు ఆయనే, మీకు ఇచ్చేసిందీ ఆయనే."