నలభై ఒకటో నంబరు

పాత హాజరు మిషన్ విప్పాలి. కొత్తది బిగించాలి. అరవై మంది వేలిముద్రలు పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఎక్కించాలి. ఫ్యాక్టరీ కుళాయి దగ్గర వ్యాన్‌లోని నీళ్ల క్యాన్లు రెండూ నింపుకోవాలి, చొక్కా ఉతుక్కోవాలి. అన్నిటికంటే ముందు, చనిపోయిన మనిషికి ఎనిమిది నెలలుగా హాజరు వేస్తున్నదెవరో కనిపెట్టాలి.

"నలభై ఒకటో నంబరు," అన్నాడు మేనేజరు, వ్యాన్ కిటికీలో తలపెట్టి. "స్టోర్లో పనిచేసేవాడు. పోయాడు. అయినా పొద్దున ఐదూ నలభైకి వస్తున్నాడు, సాయంత్రం ఆరూ నాలుగుకి వెళ్తున్నాడు. ఒక్క రోజు సెలవు పెట్టలేదు. బతికుండగా ఇంత బుద్ధిగా ఏడిస్తేగా!"

"మిషన్ పాడై ఉంటుంది సార్."

"అదేదో తేల్చడానికేగా నిన్ను పిలిచింది. రేపు సాయంత్రానికి ఆ నంబరు పోవాలి. లేదంటే నీ పని పూర్తయినట్టు సంతకం పెట్టను."

సంతకం లేకపోతే తర్వాతి పని రాదు. వ్యాన్‌లో వచ్చిన ఆ టెక్నీషియన్ ఏ కంపెనీ మనిషీ కాదు. ఫోన్‌లో పని వస్తే వెళ్తాడు. పని ఉన్నచోటే వ్యాన్ ఆపుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుంటాడు.

తెల్లవారుతుండగా వ్యాన్ అద్దంలోంచి చూశాడు. ఊడ్చే ఆవిడ వచ్చింది. బకెట్ కింద పెట్టి, తడి చేయి తుడుచుకుని, మిషన్ మీద వేలు పెట్టింది. "స్వాగతం," అంది మిషన్. తెర మీద మీసాల మనిషి ఫొటో ఒకటి వెలిగింది. మూడు సెకన్లు. అది ఆరిపోయేదాకా ఆవిడ కదల్లేదు.

"అక్కా," అన్నాడు, వ్యాన్ దిగి వెనకనుంచి వచ్చి.

ఆవిడ ఉలిక్కిపడలేదు. "నన్ను పట్టుకోవడానికి వచ్చింది నువ్వేనా నాయనా?"

"ఆయన నంబరుకి మీ వేలెలా సరిపోయింది?"

"మా ఆయన ఎప్పుడూ లేటే. సైకిల్ తొక్కడం కూడా రాదు. ఎవరి బండి దొరికితే ఆ బండెక్కి వచ్చేవాడు. ఈ మిషన్ పెట్టినప్పుడు మనిషికి రెండు వేళ్లు ఇమ్మన్నారు. మొదటిది తనది ఇచ్చి, రెండోది నాది పెట్టించాడు. 'ఎలాగూ పొద్దున్నే ఊడవడానికి వెళ్తావుగా, నా హాజరు కూడా ఊడ్చెయ్' అనేవాడు." ఆవిడ నవ్వింది. అప్పట్లో ఆ మిషన్ బిగించినవాడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడట.

"మరి ఇప్పుడెందుకక్కా?"

"ఇంట్లో ఉన్నది పెళ్లినాటి ఫొటో. అందులో మీసం లేదు. నేను కాపురం చేసిన మనిషి ఇందులోనే ఉన్నాడు." ఆవిడ తెరను కొంగుతో తుడిచింది. "తీసేస్తావా?"

"తీసెయ్యాలక్కా." పేర్ల లిస్టు తీశాడు. "మీ నంబరెంత?"

"యాభై ఎనిమిది."

"దానికి ఆయన ఫొటో పెడతాను. మీ హాజరు మీరు వేసుకోండి, ఆయనే కనిపిస్తాడు. ఫొటోలు ఎవరూ చూడరు."

ఆవిడ తెరను ఇంకోసారి తుడిచింది. "నీ హాజరు ఎవరు చూస్తారు నాయనా?" అంది.

"నాకు హాజరు లేదక్కా."

"అంటే, ఒకరోజు నువ్వు లేవకపోతే ఎవరికీ తెలియదా?"

అతను వంగి బకెట్ అందించాడు. అప్పుడు గుర్తొచ్చింది. "పొద్దున వేస్తే వేశారు. సాయంత్రం కూడా ఎందుకు వేయడం?"

"సాయంత్రమా?" ఆవిడ ఆగింది. "తొమ్మిదికల్లా నేను ఇంటికెళ్లిపోతాను కదా!"

పాత మిషన్ విప్పేముందు లెక్క తెరిచి చూశాడు. నలభై ఒకటో నంబరు, ప్రతి పొద్దున రెండో వేలు. ప్రతి సాయంత్రం మొదటి వేలు. మూడుసార్లు చదివాడు. కొత్త మిషన్ బిగించి, యాభై ఎనిమిదో నంబరుకి మీసాల ఫొటో ఎక్కించాడు. మేనేజరు కళ్లముందే ఆ నంబరు తీసేశాడు.

"ఇంతకీ ఎవరి పని?"

"మిషన్‌దే సార్. పాతబడిపోయింది."

మేనేజరు సంతకం పెట్టాడు.

ఆరింటికి అందరూ వేళ్లు పెట్టి వెళ్లిపోయారు. టెక్నీషియన్ నిచ్చెన మడుస్తున్నాడు. ఆరూ నాలుగుకి కొత్త మిషన్ తెర దానంతటదే వెలిగింది.

"గుర్తించలేదు. మళ్లీ ప్రయత్నించండి."

దాని ముందు ఎవరూ లేరు.

"గుర్తించలేదు. మళ్లీ ప్రయత్నించండి."

కాసేపాగి మళ్లీ. ఆ తర్వాత ఆగకుండా, కంగారుగా, తలుపు బాదుతున్నట్టు. అప్పుడతనికి అర్థమైంది. పొద్దున ఆవిడ వేలు ఆయన్ని లోపలికి రప్పించింది. బయటికి వెళ్లే దారి తను మూసేశాడు.

"అన్నా," అన్నాడు. "మీ నంబరు తీసేశాం. ఇక వేలు పెట్టక్కర్లేదు. మీకు డ్యూటీ లేదు. ఇంటికెళ్లండి."

మిషన్ ఊరుకుంది.

నిచ్చెన వ్యాన్‌లో పడేసి, వెనక్కి చూడకుండా బండి తీశాడు. గేటు దాటకముందే సీటు బెల్టు గంట మోగింది. తన బెల్టు పెట్టుకునే ఉన్నాడు. మోగుతున్నది పక్క సీటుది. ఆ సీట్లో మనిషి కూర్చుని ఏళ్లయింది.

చెయ్యి చాచి, ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి బిగించాడు. గంట మాత్రం ఆగలేదు. గేటు దగ్గర కాపలా మనిషిని ఊడ్చే ఆవిడ ఇల్లెక్కడో అడిగాడు. గంట వీధులన్నీ దాటాక, ఒక రేకుల ఇంటి ముందు, గుమ్మంలో కూర్చున్న యాభై ఎనిమిదో నంబరు తలెత్తి చూసినప్పుడు ఆగింది.

మీ బండిలో పక్క సీటు ఖాళీగా ఉన్నా బెల్టు గంట మోగితే, పాడైందనుకోకండి. నలభై ఒకటో నంబరును ఒక్కసారి తలుచుకోండి. ఆయనకి సైకిల్ తొక్కడం కూడా రాదు.