కంపెనీ గుర్తు

విహంగ కంపెనీ చవక కార్లను లక్షలకొద్దీ అమ్ముకుంటుంది గానీ, సిరిపురంలోని తన ఖరీదైన షోరూం ముందు వాటిని ఆగనివ్వదు. ఎవరైనా ఆపబోతే కారే తనంతట తాను తప్పుకుని వెనక సందులోకి పోతుంది.

ఆ మధ్యాహ్నం అలాగే ఒకటి గుమ్మం దాకా వచ్చి తప్పుకుంది. కారు కొనడానికి వచ్చిన పెద్దావిడ, "అదీ మీ కంపెనీదేనా అమ్మాయ్?" అంది.

"అబ్బే, మాది కాదండీ. మా కారును చూసి ఎవరో చేసుంటారు" అంది షోరూంలో కార్లు అమ్మే హిమజ చటుక్కున.

అందులో వచ్చింది నాన్న. ఆయన చేత ఆ కారు కొనిపించిందీ తనే.

ఆవిడ వెళ్లగానే వెనక సందులోకి పరుగెత్తింది. నాన్న క్యారేజీ పట్టుకుని నిలబడ్డాడు. కారు ముందున్న కంపెనీ గుర్తు కనపడకుండా ఆయన తువ్వాలు కట్టి ఉంది.

"ఇదేంటి నాన్నా?" అంది, తలెత్తకుండానే.

"ఇంటికాడే కట్టేసానమ్మా. నీకు నామోషీ కదా!"