నాగరాణి నంబరు

వారం రోజులుగా బిందు చుట్టు దారిన స్టేషనుకు పోతోంది. దగ్గరి దారిలో నాగరాణి ఇల్లుంది. ఆ గడప ముందు నుంచి నడవాలంటే సిగ్గుతో కాళ్లు రావడం లేదు.

బిందు ఉద్యోగం తాండూరులో. దుకాణాల తరఫున, దవాఖానాల తరఫున వేల ఫోన్లకు ఒకేసారి మెసేజులు పంపే ఆఫీసు అది. రోజూ వికారాబాదులో రైలెక్కి పోయి వస్తుంది. మనిషి ఒప్పుకోకుండా ఆ మనిషి ఫోనుకు ప్రచారం పంపకూడదన్న నియమం ఆమెకు నోటికొచ్చు. నోటికొస్తే సరిపోతుందా!

అంతా రాహేలమ్మ ఇంట్లో ప్రార్థన కూడిక దగ్గర మొదలైంది. శుక్రవారం శుక్రవారం ఆడవాళ్లు అక్కడ చేరి కష్టాలు చెప్పుకుంటారు. చెప్పుకున్నవాళ్ల ఫోనుకు బిందు రోజూ పొద్దున్నే ఒక బైబిలు వాక్యం పంపుతుంది. అందుకే అందరి నంబర్లూ ఆమె దగ్గరుంటాయి.

ఆ శుక్రవారం నాగరాణి ఏడ్చింది.

"మా ఆయన తాగుడు మానాలని ప్రార్థన చెయ్యుండ్రి."

కూడిక అయ్యాక కళ్లు తుడుచుకుని బిందు పక్కన కూర్చుంది.

"మీ ఆఫీసుల ఎవరెవరి మెసేజులు పంపుతరు చెల్లే?"

బిందు గర్వంగా చెప్పుకుపోయింది. చీరల కొట్లు, విత్తనాల షాపులు, తాగుడు మాన్పించే దవాఖాన... నాగరాణి అంతా విని నంబరు చెప్పింది. తప్పు పడకుండా బిందుతో మళ్లీ చదివించుకుంది.

సోమవారం ఆఫీసులో యజమాని సుశాంత్ కసురుకున్నాడు.

"దవాఖానోళ్లకు నంబర్లు సరిపోలే. ఇంకెవరన్న ఉన్నరా?"

బిందుకు నాగరాణి గుర్తొచ్చింది. ఆమె నంబరును దవాఖాన జాబితాలో కలిపేసింది.

"ఒప్పుకున్నోళ్లేనా?"

"ఒప్పుకున్నరు సార్."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట!

తర్వాతి శుక్రవారం నాగరాణి కూడికకు రాలేదు.

"ఆ ఇంట్ల మస్తు లొల్లయిందంట," అంది రాహేలమ్మ. "తాగుడు మానుండ్రని దినాం ఫోన్ల మెసేజ్ వస్తుందంట. మన ఇంటి సంగతి బయటోళ్లకు ఎట్ల ఎరికైందని ఆమె మొగడు బాల్‌రాజ్ ఎగిరెగిరి పడ్డడంట."

ఆ రాత్రి బిందుకు ముద్ద దిగలేదు. నమ్మి ఏడ్చిన ఆడదాని కన్నీళ్లు తీసుకెళ్లి బజారులో పెట్టింది తను. తాగినవాడు ఆమెను ఏం చేశాడో! మర్నాడు ఆఫీసుకు పోగానే ఆ నంబరు తీసేసింది. సిగ్గు మాత్రం తీసేస్తే పోలేదు. అప్పటి నుంచే ఈ చుట్టు దారి.

వారం గడిచాక, ఆదివారం ఇక ఉండబట్టలేక పోయి నాగరాణి తలుపు తట్టింది. బాల్‌రాజ్ ఇంట్లో లేడు.

"అక్కా, గా మెసేజులు పంపింది నేనే," అంది తన చెప్పుల వైపు చూస్తూ. "నిన్ను అడగకుండ నీ నంబరు దవాఖానోళ్లకు పెట్టిన. చట్టం ప్రకారం తప్పు. నువ్వు కంప్లైంట్ నంబర్ 1909కు ఫోన్ చేసి చెప్తే నా నౌకరి పోతది. చెప్పక్కా. నాకు గట్లనే కావాలె."

నాగరాణి గడప దాటి బయటికొచ్చింది. బిందు తలెత్తి ఆమె మొహంలో దెబ్బల గుర్తుల కోసం వెతికింది.

"బావ కొట్టిండా అక్కా?"

"కొట్టలే. నలుగురికి ఎరికైందని సిగ్గుపడి తాగకుండ ఇంట్లనే కూసున్నడు. ఇప్పుడు మల్ల కల్లు దుకాణానికి పోయిండు."

"ఇగ మెసేజులు రావక్కా. నంబరు తీసేసిన. ఒట్టు."

నాగరాణి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎందుకు తీసేసినవ్ చెల్లే, నాకు ఫోన్ యాడిది, గది మా ఆయన నంబరే, నువ్వు గా దవాఖాన మెసేజులు పంపుతవని విన్నంకనే చెప్పిన, మల్ల షురూ చెయ్యి!"